తెల్లబడిన మట్ట

తూదా పొయ్యి దగ్గర బార్లీ రొట్టెలు కాలుస్తోంది. కోడలు రఖియా పుదీనా టీ గ్లాసుల్లోకి వంచుతోంది. అప్పుడే తోటలోంచి వచ్చాడు తూదా భర్త బస్సూ. చేతిలో ఓ ఖర్జూరపు మట్ట ఉంది. ఒక పక్క ఆకులు పచ్చగానే ఉన్నాయి, రెండో పక్కవి బూడిద పూసినట్టు తెల్లబడ్డాయి. మొరాకోలోని ద్రా లోయలో పుట్టినవాళ్లకు ఆ తెలుపు గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆ తెగులుకు మందు లేదు. ఒక చెట్టుకు పట్టిందంటే పక్క చెట్లనూ వదులుకోవలసిందే.

"మనవడి పేరున నాటిన చెట్టుది," అంటూ మట్టను కోడలి ముందు పడేశాడు. "మీ నాన్న పంపిన పిలక. బంగారంలాంటి తోటను తగలెట్టింది."

తూదా కాలుస్తున్న రొట్టె మాడిపోయింది.

బయటి పిలక తోటలోకి రాకూడదని బస్సూ ఒట్టు పెట్టుకున్న మనిషి. పైలోయలో తూదా పుట్టింటి చెట్లు ఒక్కొక్కటే ఎండిపోతుంటే, అమ్మ నాటిన చెట్టు వంశమైనా మిగలాలని ఆవిడ గుట్టుగా ఒక పిలక తెప్పించుకుంది. పుట్టింటి మమకారం అంత పిచ్చిది మరి. భర్త ఒప్పుకోడు. కానీ పేరు పెట్టే రోజున తల్లి వైపు తాత పంపిన కానుకను కాదనడం ఆ ఊళ్లో ఎక్కడా లేదు. అందుకే 'మీ నాన్న పంపాడని చెప్పవే' అని బాలింత కోడలిని బతిమాలింది. పాపం, కొండల అవతల ఉన్న ఆ తాతకు ఈ సంగతే తెలియదు.

ఇప్పుడు ఆ మనవడికి ఐదేళ్లు. శుక్రవారం సున్తీ విందు. రఖియా తండ్రి రావాలి.

రావద్దని ఫోన్ చెయ్యమన్నాడు బస్సూ, కొడుకు హ్మాద్‌తో. ఇక ఆయన ఈ గడప తొక్కకూడదట, కోడలు కూడా ఆ ఇంటి మాట ఎత్తకూడదట. హ్మాద్ నచ్చజెప్పబోతే కసిరాడు. రఖియా తల వంచుకుని ఒలికిన టీ తుడుస్తోంది. ఒక్కసారి కూడా అత్త వైపు చూడలేదు. చూసి ఉంటే తూదాకు అంత కష్టంగా ఉండేది కాదేమో.

హ్మాద్ ఫోన్ తీశాడు.

"పెట్టెయ్‌రా," అంది తూదా. "అది వాళ్ల నాన్న పంపింది కాదు. మా పుట్టింటిది. నేనే తెప్పించాను. ఈ పిల్లచేత అబద్ధమాడించిందీ నేనే."

బస్సూ ఆవిడ వైపు తిరిగాడు.

"అక్కడ చెట్లు చస్తున్నాయని తెలిసే తెచ్చావా?"

"తెలుసు. నీళ్లు లేక అనుకున్నాను. అలా అనుకుంటేనే బాగుండి అనుకున్నాను."

తిడితే బాగుండేది. ఆయన గొడ్డలి తీసుకుని వెళ్లిపోయాడు. పొద్దువాలేసరికి తండ్రీకొడుకులు మనవడి చెట్టునూ, దాని చుట్టూ బస్సూ తండ్రి నాటిన చెట్లనూ వేళ్లతో సహా పెకలించి అక్కడే నిప్పు పెట్టారు. ఆ మంట ముందే నిలబడి బస్సూ స్వయంగా వియ్యంకుడికి ఫోన్ చేశాడు.

"శుక్రవారం పెందలాడే రండి బావగారూ," అన్నాడు. "ఈసారి ఖర్జూరాలు కాస్త తక్కువ పెడతాం, ఏమీ అనుకోకండి."

దూరంగా నిలబడ్డ తూదా అది విని కొంగు నోట్లో కుక్కుకుంది. రఖియా వచ్చి పక్కన నిలబడింది.

"ఎందుకే నోరు విప్పలేదు? మీ నాన్నను అన్నన్ని మాటలంటుంటే?"

"ఆ చెట్టుకు నీళ్లు పెడుతూ మీరు మీ అమ్మతో మాట్లాడుతుంటారు కదా అత్తమ్మా," అంది రఖియా. "మీ అమ్మ చెట్టే మన తోటను చంపిందన్న మాట నా నోటి వెంట రాకూడదనుకున్నాను."

తూదా ఇక ఆపుకోలేకపోయింది. "మా అమ్మ కాదే తల్లీ, నేను," అంటూ భోరుమంది.

రఖియా పొగ తగలకుండా అత్తను తన వైపుకు లాక్కుంది.