బిక్షమ్మకు చెప్పని గుట్ట

రామన్నపేట దాపున ఒక రాళ్లగుట్ట వెనక బిక్షమ్మను కట్టేశారు. పొద్దు గూకగానే కాల్చేస్తారు. అది 1948 ఎండాకాలం. బిక్షమ్మ దళానికి కబుర్లు మోసే కొరియర్. కబుర్లు ఎక్కడ పొక్కుతున్నాయో పట్టడానికి కమాండర్ రామచంద్రయ్య ఆమె ఒక్కతెకే ఒక ఉత్తుత్తి స్థావరం, ఓ ఊరి పక్క ఖాళీ గుట్ట పేరు చెప్పాడు. మర్నాడే రజాకార్లు అక్కడ దిగారు. ఇంకేం కావాలి, ద్రోహం రుజువైపోయిందన్నాడు.

సంఘం సీక్రెట్ ఏజెంట్ యాదగిరికి ఒళ్లు మండింది.

"ఆమెకు చెప్పకున్నా వాళ్లొస్తుండిరేమో. గా సంగతి చూసినవా, అన్నా?"

"చూడవల్సింది చూసిన."

యాదగిరి పళ్లు కొరికాడు. ఆ స్థావరం నిజమని నమ్మించడానికి ఇంకేం చేశారని గుచ్చి గుచ్చి అడిగాడు. దళం దిగినప్పుడల్లా చేసినట్టే ఆ ఊళ్లో ఇంటికో జొన్నరొట్టె పోగు చేయించామన్నాడు కమాండర్, అదీ ఒక లెక్కేనా అన్నట్టు. రెండు పనులు ఒక్కసారే చేసి, పాపమంతా ఒక్కదాని నెత్తిన రుద్దుతారా! ఇదేం పరీక్షరా నాయనా! యాదగిరి పట్టుబట్టి ఆ ఒక్క పగలు గడువు తీసుకున్నాడు. ప్లాన్ సింపుల్. ఇంకో ఊరు, దాని పక్క ఇంకో ఖాళీ గుట్ట, అవే రొట్టెలు. బిక్షమ్మకు మాత్రం చెప్పరు. చెప్పినా, కట్టేసిన మనిషి ఎక్కడికి పోతుంది?

యాదగిరి కత్తులు సానపట్టేవాడి వేషంలో ఆ ఊళ్లో చక్రం తిప్పుతూ కూర్చున్నాడు. బాగా పొద్దెక్కాక గాజుల గుర్వమ్మ వచ్చింది. ముఖమల్ రైక, కాటుక కళ్లు. ఆమె నవ్విందంటే పోలీసు ఠాణాలో కూడా లేచి కుర్చీ వేస్తారు. అందుకే కమాండర్ ఆమెను ఠాణా మీద సొంత గూఢచారిగా పెట్టుకున్నాడు. గుర్వమ్మ గాజులు తొడుగుతూ ఆడవాళ్ల చేతులు పట్టుకుంది. రొట్టెలు చేసే వేళ కాదు, అయినా ప్రతి చేతికీ జొన్నపిండే. చుట్టాలొచ్చారా అని నవ్వుతూ అడిగింది, అంతే. బుట్ట ఎత్తుకుని నేరుగా ఠాణా దారి పట్టింది.

మధ్యాహ్నం తిరిగేసరికి రజాకార్ల లారీలు ఆ ఖాళీ గుట్టను చుట్టుముట్టాయి.

యాదగిరి గుండెలవిసేలా సైకిల్ తొక్కాడు. చేరేసరికి పొద్దు గూకుతోంది, కమాండర్ తుపాకీ బిక్షమ్మ కణతకు ఆనించి ఉంది.

"ఆపు, అన్నా. ఈమె గీడనే కట్టేసి ఉన్నది. అయినా రజాకార్లు గా గుట్టకాడికొచ్చిండ్రు. పిండి చేతులు చూసి కబురిచ్చింది నీ గుర్వమ్మ."

కమాండర్ చెయ్యి కిందికి దిగింది. బిక్షమ్మ కట్లు విప్పుతూ, ఈమె తప్పు లేదని నీకు ముందే తెలుసా అని గొణిగాడు.

"నాకేం తెలుసు? నీకూ తెల్వదు. తెల్వకుంటనే కాల్వబోయినవ్. గదే నా మంట."

బిక్షమ్మ మణికట్లు రుద్దుకుంటూ లేచింది. మొదటి చెంపదెబ్బ కమాండర్‌కు పడింది. రెండోది, 'నాకేం తెలుసు' అన్నందుకు, యాదగిరికి.