ఎఫ్ డ్రైవ్‌లో ఉన్నది నా పని

శనివారం తీసిన పెళ్ళి వీడియోలను ఆదివారం పొద్దున్నే కంప్యూటర్లోకి ఎక్కించబోతే, డి డ్రైవ్‌లో చోటు లేదని తెర మీద ఎర్రగా వచ్చింది. అప్పటికి టీచరమ్మ భర్త కాఫీ కూడా తాగలేదు.

“ఇది కంప్యూటరా, ధర్మసత్రమా? ఇంట్లో ప్రతివాళ్ళూ వచ్చి తలో మూటా పడేసి పోతారు!” అని హాల్లోంచి కేకపెట్టాడు.

పక్కగదిలో అత్తగారికి తల దువ్వుతున్న టీచరమ్మ నవ్వుకుంది. ఆయన మాటలో అబద్ధమేం లేదు. హాలు మూలనున్న ఆ ఒక్క కంప్యూటరే ఇంటిల్లిపాదికీ దిక్కు. డి డ్రైవ్ ఆయనది. పెళ్ళిళ్ళు వీడియో తీసి, కత్తిరించి, అతికించి ఇవ్వడం ఆయన వృత్తి. ఇ డ్రైవ్ కూతురిది. కాలేజీ ప్రాజెక్టులు, పాత ఫొటోలు, సగం చూసి వదిలేసిన సినిమాలు అన్నీ అందులోనే. మిగిలింది ఎఫ్. దానికి ఎవరూ పేరు కూడా పెట్టలేదు. అందులో టీచరమ్మ రికార్డింగులు ఉంటాయి.

“ఈరోజు దీని అంతు చూస్తాను. డ్రైవులన్నీ సర్దేస్తాను,” అన్నాడాయన.

“సర్దండి. నా ఎఫ్ జోలికి మాత్రం వెళ్ళకండి,” అంటూ ఆమె సంచి తీసుకుని కూరగాయలకు బయల్దేరింది.

“ఊఁ,” అన్నాడు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆమె బడి మానేసి ఐదేళ్ళయినా వీధిలో అందరికీ ఇంకా టీచరమ్మే. పద్నాలుగేళ్ళు సైన్సు చెప్పింది. అత్తగారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాక, ఇంట్లో ఒకరుండాలన్నారు. ఆ ఒకరెవరన్న ప్రశ్నే రాలేదు. అత్తగారికి వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియోథెరపిస్టు ఒకసారి తనతో ఒక శిష్యురాల్ని తీసుకొచ్చింది. పుట్టుకతోనే చూపులేని అమ్మాయి. ఆ చదువే చదువుతోంది. “పుస్తకాలు చదివిపెట్టేవాళ్ళు దొరకడంలేదు మేడమ్. కథలైతే ఎవరైనా చదువుతారు. ఎముకలూ నరాలూ ఎవరు చదువుతారు?” అంది నవ్వుతూ. టీచరమ్మ ఆ మర్నాడే చిన్న మైకు కొనుక్కుంది.

అప్పట్నుంచీ ఏడాదిన్నరగా, పొద్దుటి పనులై ఇల్లు సద్దుమణిగే పదకొండింటికి, బయటి చప్పుడు రాకుండా కిటికీకి దుప్పటి కట్టి, కంప్యూటర్ ముందు కూర్చుని చదువుతోంది. ముప్పై పాఠాలు పూర్తయ్యాయి. మధ్యమధ్య తప్పులూ దగ్గులూ కత్తిరించి ఈ వారంలో ఆ అమ్మాయికి పంపాలి. పరీక్ష ఇంకా పన్నెండు రోజులే.

ఆమె తిరిగొచ్చేసరికి ఆయన కాళ్ళు బారచాపుకుని, ఈల వేస్తూ కాఫీ తాగుతున్నాడు. తెర మీద పచ్చగీత ఒకటి మెల్లగా నిండుతోంది.

“చూశావా? ఇప్పుడు డి ఎంత పెద్దదైందో! పెళ్ళి మొత్తం ఎక్కుతోంది,” అన్నాడు గర్వంగా.

ఆమె తెర వంక చూసింది. డి ఉంది. ఇ ఉంది.

“ఎఫ్ ఏదీ?”

“తీసేసి డి లో కలిపేశాను. చోటు ఊరికే పడుంది కదా.”

“ఊరికే పడుందా? లోపల ఏముందో చూశారా?”

“చూశాలే. ఏవో ఆడియోలు. నీ గొంతే కదా, మళ్ళీ చదువుకోవచ్చు. నేనంటే పనితో సతమతమవుతున్నాను. నీకైతే కాలక్షేపం...”

సంచి ఆమె చేతిలోంచి జారింది. ఉల్లిపాయలు హాలంతా దొర్లాయి. ఆమెకి మొదట ఏడుపు రాలేదు.

“పోనీ ఈ పెళ్ళి వీడియో పోయిందనుకోండి. వాళ్ళనీ మళ్ళీ పెళ్ళి చేసుకోమంటారా? మొహాలు వాళ్ళవే కదా!”

“దానికీ దీనికీ పోలికేంటి?”

ఆ కేకలకి కూతురు లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. గడగడా మాట్లాడే ఆ పిల్లని ఇంట్లో పిచ్చుక అంటారు. తెర చూసి, విషయం విని, తండ్రి పక్కకి దూకింది. మరుక్షణం అరిచింది. “నాన్నా, ఆ కాపీ ఆపు! డ్రైవు తీసేసినా లోపలి ఫైళ్ళు వెంటనే పోవు. కానీ వాటి మీద కొత్తవి రాస్తే ఇక రావు. నువ్విప్పుడు వాటి మీదే రాస్తున్నావు!”

“ఇంకో పావుగంటలో అయిపోతుందే. మధ్యలో ఆపితే...”

టీచరమ్మ అతని మాట పూర్తికానివ్వలేదు. గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్చి నొక్కేసింది. కంప్యూటరు గుటుక్కున ఆరిపోయింది.

“పిచ్చెక్కిందా నీకు? డిస్కు పాడవుతుంది! మంగళవారానికి వాళ్ళకి వీడియో ఇవ్వాలి నేను!”

“నీ పెళ్ళి వీడియో కెమెరా కార్డుల్లో భద్రంగా ఉంది. నాది ఎక్కడుంది? చెప్పు, నాది ఎక్కడుంది?”

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె అతన్ని నువ్వు అనలేదు. ముగ్గురికీ అది వినబడింది. ఆమె మాత్రం వెనక్కి తీసుకోలేదు.

“ఏడాదిన్నర. రోజూ నీకు అన్నం పెట్టి, మీ అమ్మకి నీళ్ళు పోసి, పక్క మార్చి, ఆ తర్వాత దొరికిన గంటలో చదివాను. కళ్ళులేని పిల్ల ఈ పాఠాలు విని పరీక్ష రాయాలి. జీతం రాదు కాబట్టి అది కాలక్షేపమా? ఎఫ్ జోలికి వెళ్ళొద్దని చెప్పివెళ్ళానా లేదా?”

“చెప్పావా?” అన్నాడు. అబద్ధమాడటం కాదు. అతనికి నిజంగానే గుర్తులేదు. ఆమె ఒంట్లో కోపం అప్పుడు ఇంకా పైకెగసింది. అబద్ధమాడినా బాగుండేది అనుకుంది.

పక్కగదిలోంచి మంచాన్ని కుడిచేత్తో బాదుతున్న చప్పుడు వినిపించింది. అత్తగారు. ఆయన తలుపు దగ్గరికి వెళ్ళాడు. వంకరపోయిన నోటితో, ఒక్కొక్క మాటా కూడదీసుకుని ఆవిడ అంది, “నేను... గోడ ఇవతల ఉండి... రోజూ వింటున్నాన్రా. నాకు భుజం ఎముక దగ్గర్నుంచీ... వచ్చు. నువ్వు... పక్కనుండి... వినలేదా?”

ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు.

మధ్యాహ్నం పిచ్చుక తన స్నేహితురాలి ఇంటికెళ్ళి బయట తగిలించే హార్డ్ డిస్కు ఒకటీ, పోయిన ఫైళ్ళు వెలికితీసే ప్రోగ్రామొకటీ పట్టుకొచ్చింది. పాత డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా, దొరికినవన్నీ కొత్తదాంట్లోకి దించాలట. అది ముగియడానికి ఎన్ని గంటలు పడుతుందో తెలియదు. టీచరమ్మ కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది. సాయంత్రం ఇంటికొచ్చిన ఆయన, కాపలా కూర్చున్న ఆమెను చూసి దగ్గరికి రాలేదు. పెళ్ళివాళ్ళకి ఫోను చేసి వారం గడువు అడిగాడు. అవతలివాళ్ళు ఏమన్నారో గానీ, చాలాసేపు “అవునండి, నాదే తప్పండి” అంటూ నిలబడ్డాడు. ఆమెకి జాలి వేయలేదు.

సోమవారం పొద్దున్నకి పిచ్చుక లెక్క తేల్చింది. “అమ్మా, చాలావరకు వచ్చాయి. కానీ పేర్లు పోయాయి. ఏ పాఠం ఏదో, ఏ ముక్క ముందో తెలియదు. పదకొండొందల ముక్కలు, అన్నిటికీ నంబర్లే ఉన్నాయి. కొన్నయితే తెరుచుకోవడమే లేదు.”

టీచరమ్మ నుదురు పట్టుకుంది. పదకొండొందల ముక్కలు! ఒక్కొక్కటీ విని, పేరు పెట్టి, వరసలో పేర్చేసరికి పరీక్ష కాస్తా అయిపోతుంది. ఆ అమ్మాయికి ఫోను చేసి జరిగింది దాచకుండా చెప్పింది. “పరవాలేదు మేడమ్, ఎన్ని వస్తే అన్నే వింటాను,” అందా పిల్ల. తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

ఫోను పెట్టేసి వచ్చేసరికి ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కంప్యూటర్ ముందున్నాడు. పక్కన రూళ్ళ నోట్‌బుక్కు, పెన్సిలు.

“ఏం చేస్తున్నారు?” అంది కటువుగా.

“వింటున్నా,” అన్నాడు తలెత్తకుండా. “రోజంతా వీడియోలు ముక్కలు చేసి అతికించేవాణ్ణి. ఇదైనా చేతనవుతుందేమో చూస్తా.”

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. మాట్లాడితే మెత్తబడతానేమోనని భయం. అప్పుడే మెత్తబడటం ఆమెకి ఇష్టంలేదు.

సోమ, మంగళ, బుధ. ఆయన ఆ కుర్చీలోంచి కదల్లేదు. అర్థంకాని చోట లేచి తల్లి దగ్గరికి వెళ్ళేవాడు. “అమ్మా, మోచెయ్యి తర్వాత ఏమొస్తుంది?” అని అడిగేవాడు. ఆవిడ కళ్ళు మూసుకుని, “మణికట్టు,” అనేది. ఒకసారి ఆయన కాదంటే, “నీ మొహం. మణికట్టే,” అంది. ఆయన వెళ్ళి చూస్తే మణికట్టే. ఆ మూడు రోజులూ వంటింట్లో గిన్నెలు మాత్రం గట్టిగానే చప్పుడు చేశాయి. టీచరమ్మ కంచం పెట్టేది గానీ పక్కన కూర్చునేది కాదు.

గురువారం మధ్యాహ్నం ఆరిన బట్టలు మడతపెట్టుకుని హాల్లోకి వచ్చింది. ఆయన హెడ్‌ఫోన్లు తీసేసి, అరచేతుల్లో మొహం పెట్టుకుని కూర్చున్నాడు. నోట్‌బుక్కు తెరిచి ఉంది. నంబరు, పాఠం, పేజీ అని వరసగా గళ్ళు గీసి నింపాడు. చివరి గడికి ‘ఎందుకు ఆగింది’ అని పేరు పెట్టాడు. ఆమె నిలబడే చదివింది.

‘అమ్మ పిలిచింది.’ ‘కుక్కరు.’ ‘నేను, కాఫీ.’ ‘పిచ్చుక, తాళం చెవి.’ ‘నేను, చొక్కా ఎక్కడ.’ ‘నేను.’ ‘నేను.’ ‘అమ్మ.’ ‘నేను, ఊరికే.’

పేజీ తిప్పింది. ఆ పేజీ కూడా అంతే.

“ఆ గడి ఎందుకు రాశారు?” అంది.

“కత్తిరించడానికి సులువుగా ఉంటుందని మొదలుపెట్టాను.” గొంతు సవరించుకున్నాడు. “నేను పిలిచినవే రెండొందల పద్నాలుగు అయ్యాయి. నా గొంతు నాకే వినబుద్ధి కావడంలేదు. నువ్వు వాక్యం మధ్యలో ఉంటావు, నేను అరుస్తాను. నువ్వు వెళ్తావు. వచ్చి మళ్ళీ అదే వాక్యం మొదట్నుంచి... విసుక్కోకుండా... ఇదొకటి విను.”

హెడ్‌ఫోన్ల తీగ లాగేసి, ఒక ముక్క పెట్టాడు. హాల్లో ఆమె గొంతే మోగింది. మోకాలి చిప్ప గురించి చదువుతోంది. దూరంగా ఆయన కేక, “ఇదిగో, ఆ పర్సు కనబడిందా?” కుర్చీ జరిగింది, అడుగులు వెళ్ళాయి, వచ్చాయి. తర్వాత ఒక నిట్టూర్పు. మైకు నడుస్తోందన్న సంగతి మరిచి, తనలో తను అనుకున్న మాట. “ఒక్క పేజీ. ఒక్క పేజీ అయినా పూర్తి చేయనివ్వండి ఎవరైనా.” మళ్ళీ గొంతు సర్దుకుని, “మోకాలి చిప్ప...”

ఆ మాట అన్నట్టు టీచరమ్మకి జ్ఞాపకమే లేదు. ఆదివారం నుంచీ బిగబట్టినదంతా ఒక్కసారిగా తెగి, చేతిలో బట్టలు పట్టుకునే ఏడ్చింది. ఆయన లేచాడు. ఏం చెయ్యాలో తెలియక, బట్టలు అందుకున్నాడు.

“తప్పయిపోయిందే. సర్దుతున్నానని నీది కూల్చేశాను. ఇరవైనాలుగు పాఠాలు నిలబెట్టాను. ఆరు మాత్రం... ఎంత వెతికినా రాలేదు.”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. నోట్‌బుక్కు మళ్ళీ చేతిలోకి తీసుకుని చూసింది.

“మీ లెక్క తప్పండీ,” అంది.

“తప్పా?”

“పిలిచినవే రాశారు. పిలుస్తారేమోనని నేనే ముందుగా ఆపేసినవి ఇందులో లేవు. అవి ఇంకా ఎక్కువ.”

ఆయన ఆమె కోసం కుర్చీ వెనక్కి లాగాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి, దుప్పటి కట్టడం చేతకాక రెండుసార్లు జార్చి, మూడోసారి ముడివేశాడు.

టీచరమ్మ కూర్చుని మైకు సరిచేసుకుంది. ఎనిమిది రోజులు. ఆరు పాఠాలు. కోపం ఇంకా పూర్తిగా పోలేదని ఆమెకి తెలుసు. ఆయనకీ తెలుసు.

“రాత్రికి వంట మీరు చూడండి. అత్తయ్యకి నాలుగింటికి పక్క మార్చాలి. హాలు తలుపు వేసి వెళ్ళండి,” అంది.

ఆయన తలుపు చప్పుడుకాకుండా దగ్గరికి వేశాడు. లోపల ఆమె మొదటి వాక్యం మొదలుపెట్టింది. ఆ పేజీ చివరిదాకా ఆమెను ఎవరూ పిలవలేదు.