జాబితాలో లేని మాట

ఉదయం తొమ్మిదింబావుకి చత్వారం తాత ప్రూఫ్ టేబుల్ మీద తల వాల్చాడు. నిద్రపోతున్నాడనుకుని ఆ పత్రికాఫీసులో ఎవరూ ఆయన్ని కదపలేదు. నలభై ఏళ్ళ సర్వీసులో ఆయన డ్యూటీలో ఒక్క కునుకు తీసిన పాపాన పోలేదని అప్పుడు ఒక్కడికీ గుర్తు రాలేదు. మెడ వెనక సూదిపోటు చూసింది గూఢచారి బ్యూరో డాక్టరు. అప్పటికి పెద్దాయన చల్లబడి అరగంట.

పది గంటలకి చీఫ్ గదిలో బ్రీఫింగ్. ఎదుటి కుర్చీలో ఏజెంట్ తాబేలు. నిదానం మనిషి, కానీ బయల్దేరాడంటే చేరకుండా ఉండడు.

"తాత మధ్యాహ్నం ఎడిషన్‌లో ఒక శీర్షిక నడిపేవాడు," అన్నాడు చీఫ్. "ఎక్స్ అక్షరం ఉన్న చిన్న ఇంగ్లీషు మాటలు, వాటి అర్థాలు. రోజుకి ఐదు, తిప్పి తిప్పి అవే. పిల్లలు బట్టీ పడతారు."

"తెలుసు సార్."

"పిల్లలతో పాటు విదేశీ ముఠా వాళ్ళు ఐదుగురు చదువుతారు. యాక్స్, హెక్స్, లాక్స్, ఆక్స్, వాక్స్. ఒక్కో మాట ఒక్కో మనిషి. రోజూ పన్నెండున్నరకి ఐదుగురూ స్టేషన్ క్యాంటీన్లో ఉండాలి. పేపరు అక్కడికి అప్పుడే వస్తుంది. ఎవడి మాట అందులో లేదో వాణ్ణి మిగతా నలుగురూ అక్కడికక్కడే లేపేస్తారు. వెనకాడినవాడి మాట మర్నాడు ఉండదు."

"ఈరోజు జాబితా?"

చీఫ్ కాగితం తోశాడు. "రోజూ లాగే పొద్దున ముఠా తాతకి టపాలో పంపింది. తాత మన మనిషే, నాలుగే మాటలున్నాయని మనకి ఫోన్ చేశాడు. ఆ ఫోనే ఆయన ప్రాణం తీసింది."

తాబేలు చదివాడు. వాక్స్ లేదు. వాక్స్ అంటే అతని సొంత తమ్ముడు. మూడేళ్ళ కిందట బ్యూరోయే ఆ కుర్రవాణ్ణి ముఠాలోకి పంపింది.

"వాణ్ణి తప్పించండి సార్."

"ఎక్కడుంటాడో తెలిస్తే కదా. అయినా జాబితా ఇలాగే అచ్చు కానీ. నలుగురూ సూదులు తీసి మీదికి వెళ్తారు. అప్పుడు పట్టుకుందాం. పేపరు చదివేవాణ్ణి ఏ సెక్షన్ కింద అరెస్టు చేస్తాం?"

"సూది దిగితే?"

"దిగకముందే పట్టుకో," అన్నాడు చీఫ్. పరాయివాడి తమ్ముడు కాబట్టి ఎంత తేలిగ్గా అన్నాడో.

తమ్ముడి సంగతి తెలిసింది ముగ్గురికే. చీఫ్, తాబేలు, మూడోది నెమలి. ముఠాకి అబద్ధాలు మోసి, అక్కణ్ణుంచి నిజాలు తెచ్చే డబుల్ ఏజెంట్. ఎర్ర లిప్‌స్టిక్, నల్లద్దాలు. తమ్ముడు పంపే కోడ్ చీటీలు విప్పి చదివేది ఆవిడే. మాటలు చదివి చెప్పింది కానీ, మనుషుల మొహాల గురించి ఏ చీటీలోనూ ముక్క లేదంది. తమ్ముడి గుట్టు ముఠాకి చేరిందంటే అది ఇంటి దొంగ పనే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తాబేలు ఈశ్వరుడు కాదు కాబట్టి ఒక ప్రయత్నం చేద్దామనుకున్నాడు.

పదకొండింటికి అతను పత్రికాఫీసులో కొత్త ప్రూఫ్‌రీడర్. దొంగ బొజ్జ, తలకి నూనె, చెవి మీద పెన్సిల్. కాసేపటికి నెమలి వచ్చింది, జాబితాలో ఇంకేదైనా కోడ్ ఉందేమో చూసి రమ్మని చీఫ్ పంపాడట. తాబేలు ప్రూఫ్ ఆవిడ ముందు పెట్టాడు. నాలుగు మాటలకీ కావాలనే తప్పుడు అర్థాలు వేసి ఉంచాడు. యాక్స్ అంటే రంపం. హెక్స్ అంటే దీవెన. లాక్స్ అంటే బిగుతు. ఆక్స్ అంటే ఆవు.

"ఎవరు రాశారిది? సిగ్గులేదూ," అంది నెమలి. పెన్సిల్ దానంతటదే చేతిలోకి వచ్చింది.

తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేకపోవడం కోడ్ విప్పేవాళ్ళ జబ్బు. కానీ దిద్దేవాళ్ళెవరైనా పై లైను దగ్గర మొదలుపెట్టి కిందికి వస్తారు. నెమలి పెన్సిల్ తిన్నగా రెండో లైను మీద వాలింది. దీవెన కొట్టేసి శాపం అని రాసింది. ఆ తర్వాతే పైకి వెళ్ళి రంపాన్ని గొడ్డలి చేసింది. గ్రూప్ ఫోటోలో ఎవరైనా ముందు తమ మొహమే వెతుక్కుంటారు మరి.

తాబేలు నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డాడు.

"ఇంకేం లేదు, ఇలాగే వేసెయ్యండి. నాకు పనుంది," అని నెమలి హీల్స్ టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

"ప్లేటు బిగించేస్తున్నా," అని అరిచాడు మెషిన్ ఫోర్‌మన్.

"ఒక్క నిమిషం అన్నా. రెండో లైను తీసెయ్. చివర వాక్స్ అని వెయ్యి. అర్థం మైనం."

పన్నెండున్నర. క్యాంటీన్ కిటకిటలాడుతోంది. బయట ఆరుగురు బ్యూరో మనుషులు. తాబేలు చొక్కా గుండీలో ట్రాన్స్‌మిటర్, నొక్కితే క్షణంలో లోపలికొస్తారు. నెమలి మూలబల్ల దగ్గర పేపరు విప్పింది. ఎర్రగోరు కిందికి జారి, మళ్ళీ పైకెళ్ళి, మళ్ళీ కిందికి వచ్చింది. తలెత్తి చుట్టూ చూసి, పక్క బల్ల దగ్గరి నూనె జుట్టు ప్రూఫ్‌రీడరే తాబేలని గుర్తుపట్టింది.

"ఆపు," అంది. "పేర్లు, అడ్రసులు, అన్నీ ఇస్తాను."

"తాతని చంపిందెవరు?"

ఆవిడ చేతిసంచీ గబుక్కున ఒళ్ళోకి లాక్కుంది. ఆ జవాబు అతనికి సరిపోయింది.

నాలుగు బల్లల నుంచి నలుగురు లేచారు. అందరికంటే ముందు లేచినవాడు, అందరికంటే వేగంగా వస్తున్నవాడు అతని తమ్ముడు. వెనకాడితే రేపు తన మాట ఉండదని భయపడ్డ మనిషి నడక అది. తమ్ముణ్ణి బతికించడం గురించి ఆలోచించాడే కానీ వాడూ ఆ నలుగురిలో ఒకడని తాబేలుకి తట్టనే లేదు.

తమ్ముడి చేతిలో సూది మెరిసింది. మిగతా ముగ్గురి చేతులు ఇంకా జేబుల్లోనే ఉన్నాయి. ఇప్పుడు గుండీ నొక్కితే తమ్ముడి చేతికి నెత్తురంటదు. కానీ ఆ ముగ్గురూ పేపరు చదువుకునే పెద్దమనుషులైపోతారు, రేపో ఎల్లుండో తమ్ముణ్ణి వెతుక్కుంటూ వస్తారు. తాబేలు ఆగాడు. ఒక సూది. రెండు. నెమలి కుర్చీలో వెనక్కి జరిగింది. మూడు. నాలుగు. అప్పుడు నొక్కాడు.

ముగ్గురినీ సూదులు దిగకముందే పట్టుకున్నారు. తమ్ముడిది మాత్రం అప్పటికే దిగింది.

సంకెళ్ళతో కూర్చున్న తమ్ముడు అడిగాడు. "జాబితా నువ్వే మార్చావా అన్నయ్యా?"

"నీ కోసమే రా."

"పక్కనే ఉన్నావుగా. నేను సూది తీయడం చూడలేదా?"

"చూశాను."

తమ్ముడు మొహం గోడకి తిప్పుకున్నాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేసి శభాష్ అన్నాడు. శీర్షికకి మనిషి దొరికేదాకా నువ్వే రాయి అని కూడా అన్నాడు. రోజూ ఐదు మాటలిస్తామని చెప్పి ఇవాళ నాలుగే ఇచ్చారని పదకొండు మంది పాఠకులు అప్పటికే ఫిర్యాదు చేశారు. తాబేలు తాత కుర్చీలో కూర్చుని వాళ్ళందరికీ కలిపి ఒకటే జవాబు రాశాడు: "స్థలాభావం వల్ల ఒక మాట తొలగించవలసి వచ్చింది. అసౌకర్యానికి చింతిస్తున్నాము."