తెగిన మోకు, చుట్టని పడుగు

బాలమణికి అన్నిటికన్నా భయం ఒక్కటే: తమ్ముడు మొగులయ్య నీళ్లలో పోతాడని. తుపాకీ అంటే భయం లేదు. గద్వాలలో మగ్గం పక్కన పెరిగి, ఈత కూడా రాని ఆ పిల్లవాడు ఇప్పుడు బంగాళాఖాతం నడుమ ఒక టగ్ బోటు మీద ఉన్నాడు.

అది 1943. సికింద్రాబాద్‌లో తలుపులు మూసిన గది. గూఢచారి శాఖ ఆఫీసర్ తన ఏజెంట్ బాలమణి ముందు మ్యాప్ మీద వేలు పెట్టాడు.

"ఆయిల్ ట్యాంకర్. టార్పెడో తగిలింది. చుక్కాని లేదు. మీ తమ్ముడి టగ్ దాన్ని విశాఖకు లాగుతోంది. తుపానులో లాగే ఇనుప మోకు తెగింది. ఎలాగో మళ్లీ కట్టారు."

"కట్టింది మావాడేనా సార్?"

ఆఫీసర్ ఆ మాట దాటేశాడు. "మనిషి నడిచినంత వేగంతో పోతున్నారు. సబ్‌మెరైన్ వస్తే తప్పుకోలేరు. మోకు వదిలితే ట్యాంకర్ రాళ్లకు కొట్టుకుంటుంది. రేవులో శత్రువుల మనిషి ఒకడు సమాచారం పంపుతున్నాడు. తీరంలో పట్టుబడతామని, వైర్‌లెస్ మాత్రం గద్వాలలో పెట్టారు. రేపు నాలుగింటికి టగ్ ఎక్కడుందో చెప్పేస్తారు. ఆపాలి. అక్కడ మన ఏజెంట్ రాధమ్మ ఉంది. కోడ్: 'పోగు తెగింది.' జవాబు: 'మళ్లీ అతుకుదాం.'"

బాలమణి వేషం పుట్టింటికొచ్చిన బాలింత. చంకలో బిడ్డ మాత్రం వేషం కాదు, సొంత కూతురే. పాలు తాగే పిల్లను ఎవరి దగ్గర వదులుతుంది? దగ్గర్లో వైర్‌లెస్ ఉంటే టిక్కుమనే చిన్న రిసీవర్‌ను కాటుక డబ్బాలో పెట్టుకుని రైలెక్కింది.

"ఏందే, గింత బక్కగైనవ్? నీ మొగుడు తిండి పెడ్తలేడా?" నేతగాళ్ల వీధి మొదట్లోనే పట్టుకుంది పొరుగింటి సుగుణమ్మ.

"పెడ్తుండు అత్తా. తినేటందుకే తీరిక లేదు."

రాధమ్మ పట్టు వ్యాపారి పేరుతో అదే వీధిలో ఇల్లు తీసుకుంది. బొంబాయి చీర, లిప్‌స్టిక్, సెంటు. కోడ్ చెప్పగానే నవ్వింది. "మళ్లీ అతుకుదాం. ఊరంతా వెతికిన. ఇక్కడేం లేదు."

కానీ డబ్బాలో రిసీవర్ టిక్కుటిక్కుమంటోంది. ఈ వీధే. ఏ ఇల్లో అది చెప్పదు.

నాలుగవుతోంది. సముద్రాన్ని లేపిన తుపాను మబ్బే గద్వాల మీదికీ వచ్చింది. మగ్గానికెక్కించే నిలువు దారాలకు గంజి పెట్టి వీధి పొడుగునా ఆరేసిన పడుగులను జనం ఉరుకులు పరుగులతో చుట్టేస్తున్నారు. పడుగు తడిస్తే నెల నేత మట్టిపాలు. చినుకు పడింది. ఒక్క ఇంటి ముందు పడుగు అలాగే ఉంది.

రాధమ్మ ఇంటి ముందు.

బాలమణి దారాల మీద చెయ్యి వేసింది. నడుమ ఒకటి మెరిసింది. జరీ కాదు, రాగి తీగ. వైర్‌లెస్ ఏరియల్!

"లోపలికి రా బాలమణీ. బిడ్డ తడుస్తది." రాధమ్మ కొంగు కింద నుంచి పిస్తోలు బిడ్డ వైపే చూస్తోంది.

లోపల బల్ల మీద వైర్‌లెస్ సెట్టు. ఎడమ చేత్తో పిస్తోలు పట్టుకుని, కుడిచేత్తో మీట నొక్కడం మొదలుపెట్టింది రాధమ్మ. బాలమణికి బిడ్డ ఊపిరి, ఆ టకటకలు తప్ప ఏమీ వినబడలేదు. ఒక్కసారిగా కిటికీ వైపు తిరిగి అరిచింది.

"సుగుణత్తా! వానొచ్చె! పడుగు తడుస్తున్నదే!"

"అరుచుకో," అంది రాధమ్మ, మీట మీద నుంచి వేలు తీయకుండా. "నీ కోసం ఎవరొస్తరు?"

"నా కోసం రారు. పడుగు కోసం వస్తరు."

ఆ వీధిలో మాటలు లేని ఇంటి పడుగైనా సరే, వానొస్తే అందరూ ఎత్తాల్సిందే. పది చేతులు పడ్డాయి. పడుగుతో పాటు తీగా చుట్టుకుపోయింది. తీగ వెంట, దానికి కట్టిన సెట్టు బల్ల మీంచి ఎగిరి నేలన పడి పగిలింది. మెసేజ్ సగంలో తెగిపోయింది. టగ్ ఎక్కడుందన్న ముక్క ఇంకా రానేలేదు.

"పడుగును వానకు ఇడిసిపెట్టి లోపల కూసున్నవా? సిగ్గు లేదా నీకు?" సుగుణమ్మ పడుగు కర్రతోనే లోపలికొచ్చింది. రాధమ్మ పిస్తోలు అటు తిప్పింది. కానీ కర్రే పొడుగు. ఒక్క దెబ్బకు పిస్తోలు ఎగిరిపడింది.

ట్యాంకర్ రేవు చేరింది. మోకు కట్టింది మొగులయ్యేనట. ఇనుప తీగలు అరచేతులను చీల్చేశాయట. తర్వాత అతన్ని వేరే ఓడకు మార్చారు. ఉత్తరం లేదు.

విశాఖ రేవు వైపు పోయేవారెవరైనా ఉంటే, గద్వాల మొగులయ్యను ఒక్కసారి చూసి రండి. తింటున్నాడా, చేతులు మానాయా అడగండి. ఎవరు పంపారంటే అక్క అనండి, ఏజెంట్ అనకండి. అక్క సికింద్రాబాద్‌లో కుట్టుపని నేర్పుతోందని అతని నమ్మకం.