ఆమె వైపు బ్రేకు

"ఎడమ వైపు తిప్పండి. ఇంకొంచెం... ఆఁ, చాలు."

ఫిజియో అక్క ఆమె తల మీది కొలత పరికరం తీసి చూసింది. "మెడ పూర్తిగా తిరుగుతోంది. నొప్పి పదిలో ఎంత?"

"ఒకటి," అంది ఆమె. నిజమే. అయినా చెప్పాలనిపించలేదు.

"ఇంకేం, తగ్గిపోయినట్టే! ఇక రానక్కర్లేదు."

తలుపు దగ్గర గొడుగుతో నిలబడ్డ అతను తల దించుకున్నాడు.

డ్రైవింగ్ స్కూల్లో ఆమె టీచరు, అతను నేర్చుకునేవాడు. చలికాలంలో ఒకరోజు పిల్లి అడ్డొచ్చిందని అతను సడన్ బ్రేకు వేశాడు. వెనక వ్యాను గుద్దింది. ఆమె మెడ ఒక్క ఊపు ఊగి పట్టేసింది. అప్పటి నుంచి ఆమెను ఆటోలో ఇక్కడికి తీసుకొస్తున్నది అతనే.

మెడ బాగైతే అతని తప్పు తీరిపోతుంది. ఇక రాడు. ఆమె దిగులంతా అదే.

బయట వాన.

"మంచి మాట చెప్తే అలా ముఖం వేలాడేశారేం?" అంది ఆమె.

"మీ ముఖం మాత్రం వెలిగిపోతోందా, టీచర్‌గారూ?"

"మీ శిక్ష అయిపోయింది. సంతోషించండి."

"శిక్షా? ఎవరు వేశారు?" అతను గొడుగు విప్పాడు. "నాకింకా క్లాసులు మిగిలున్నాయి. పదండి."

డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళేసరికి అదే కారు. వెనక సొట్ట తీసి రంగు వేశారు. అతను మెల్లగా నడుపుతున్నాడు. పక్క సీట్లో ఆమె కాళ్ళ దగ్గర టీచరు కోసం పెట్టిన రెండో బ్రేకు ఉంది. ఆమె చూపు అద్దం మీద నుంచి కదలడం లేదు.

వెనక లారీ హారన్ కొట్టింది. కారు కీచుమని ఆగిపోయింది. లారీ డ్రైవరు తిట్టుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయాడు.

"నేను తొక్కలేదండీ!" అన్నాడతను.

"నేనే." ఆమె మళ్ళీ అద్దంలోకి చూసింది. "మెడ తిరుగుతోంది. కానీ ఇలా భయపడేదాన్ని ఎవరికి నేర్పుతాను? దీన్ని ఏ పరికరంతో కొలుస్తారు?"

అతను కారు పక్కకి తీసి ఇంజను ఆపాడు. పైన వాన చప్పుడు.

"తప్పు చేశాను కాబట్టే వస్తున్నాననుకున్నారా?"

"కాదా?"

"మొదట్లో అందుకే. తర్వాత... మీ మెడ తిరిగేది కాదు కదా. నేను పిలిస్తే ఒళ్ళంతా తిప్పి నా వైపు చూసేవారు. నన్నెవరూ అలా చూడలేదు. ఇందాక అక్క తగ్గిపోయిందనగానే, ఇక అలా చూడరేమోనని భయమేసింది."

ఆమె కిందికి, తన కాళ్ళ వైపు చూసుకుంది.

"ఇంజను ఆపినా నా కాలు బ్రేకు మీదే ఉంది," అంది.

"ఉండనివ్వండి. అది లేచిన రోజు తగ్గిందనుకుందాం."

"ఎన్నాళ్ళు పడుతుందో!"

"లైసెన్సుకి నాకేం తొందర లేదు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. వాన తగ్గలేదు, కాలు లేవలేదు. మెడ బాగానే తిరుగుతున్నా, ఒళ్ళంతా తిప్పి అతని వైపు చూసింది.