కౌముది కత్తిరించిన వాక్యం

పరుశురాం రాసిన పేజీ తెరిస్తే చాలు, కౌముదికి ఒళ్లు మండిపోయేది.

తార్నాక చుట్టుపక్కల బోన్సాయ్ పిచ్చి ఉన్నవాళ్లంతా కలిసి ఆన్‌లైన్లో ఒక వికీ కట్టుకుంటున్నారు. ఏ చెట్టుకు ఎంత నీరు, ఎప్పుడు కత్తెర అన్నది తెలిసినవాళ్లు రాయాలి, మిగతావాళ్లు దిద్దాలి. యూనివర్సిటీలో బోటనీ రీసెర్చి చేస్తున్న ఈ మహానుభావుడు, చింత గురించి రాయమంటే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ ఏకరువు పెట్టాడు. వికీని చక్కబెట్టే పని నెత్తినేసుకున్న కౌముది కసకసా కోసేసింది. అతను మళ్లీ పెట్టాడు. ఆమె మళ్లీ కోసింది.

చివరికి ఈ పంచాయితీ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీదికి చేరింది.

"నా పేజీ మీద మీకంత పగ ఏందండీ?" అన్నాడు పరుశురాం.

"పగ కాదు, జాలి. చదివేవాళ్ల మీద."

"చెట్లు పెంచేటోళ్లకు ఓపిక ఉంటది."

"మీ పేజీ పూర్తయ్యేలోపు చెట్టు ముసలిదైపోతుంది."

కోపం రావలసిన మనిషికి నవ్వొచ్చింది. ఆ నవ్వు బాగుందనిపించి కౌముదికి తన మీద తనకే చిరాకేసింది. ఇంతలో వాన. ఉన్నది ఒకటే గొడుగు, అదీ ఆమెది. తార్నాక దాకా పట్టుకున్నది అతను, తడిసిందీ అతనే.

వికీలో ఏది మార్చినా కారణం రాయాలని నియమం. అప్పటిదాకా "వాక్యం పొడుగు" అని మాత్రమే రాసే కౌముది, "వాక్యం పొడుగు, జలుబు తగ్గిందా?" అని రాయడం మొదలుపెట్టింది. ఊరందరూ చదివే చోట ఇదేం సిగ్గులేనితనమో ఆమెకే తెలియలేదు.

అంతా బాగుందనుకుంటుండగా కొంప మునిగింది. ఆమె తండ్రి కొండలరావు, కూతురు నడక నేర్చిన ఏడు కుండీలో నాటిన చింతచెట్టును కూతురితో సమానంగా పెంచాడు. పాత ఆకులు దూసేస్తే కొత్తవి చిన్నగా, దట్టంగా వస్తాయని వికీలో చదివి, మా అమ్మాయి చక్కబెట్టిన పేజీ కదా అని ఒక్క ఆకు మిగలకుండా దూసేశాడు.

ఆఫీసు నుంచి వచ్చి ఆ పుల్లల్ని చూడగానే కౌముదికి ఆ పేజీ మొత్తం కళ్లముందు మెదిలింది. పరుశురాం ఆ పేజీలో ఇంకో వాక్యం కూడా రాశాడు. కుండీ మార్చిన ఏడాది ఆకులు దూయకూడదు, చెట్టు తట్టుకోలేక చచ్చిపోవచ్చు అని. పొడుగైందని కోసింది తనే. తండ్రి కుండీ మార్చింది మొన్న ఉగాదికే.

పేజీ కింద పరుశురాం పేరుంది. కొండలరావు అతణ్ణి ఇంటికి పిలిపించాడు. అతను చెట్టును చూశాడు, పాలిపోయిన కౌముది ముఖం చూశాడు. విషయం అర్థమైపోయింది.

"తప్పు నాదే అంకుల్. రాయాల్సింది మర్చిపోయిన."

ఇలాంటివాణ్ణి వికీలో ఉండనిస్తే మిగతా చెట్లకూ ఇదే గతి, పేరు తీసేయిస్తానన్నాడు కొండలరావు. కౌముది నోరు మెదపకపోతే ఆమె తప్పు ఎవరికీ తెలియదు. కానీ తన కోసం అబద్ధమాడి తలొంచుకు నిలబడ్డ ఆ మనిషిని చూస్తే ప్రాణం ఉసూరుమంది.

"నాన్నా, అతను రాశాడు. నేనే కోసేశాను."

కొండలరావు కుర్చీలో కూలబడి, చెట్టు బతుకుతుందా అని మాత్రం అడిగాడు. నీడలో ఉంచి, నీళ్లు తగ్గించి చూడాలని, రోజూ వచ్చి చూసుకుంటానని పరుశురాం మాటిచ్చాడు.

అన్నట్టే వచ్చాడు. కుండీ చూడటానికి నిమిషం, టీ తాగడానికి గంట. మీరు కాస్తా నువ్వయింది. ఒక పొద్దున వెనక కొమ్మ మీద పచ్చటి చిగురు కనిపించి కౌముది ఎగిరి గంతేసింది. నాన్నను పిలవబోయి ఆగిపోయింది. చెట్టు బాగైతే ఇతనెందుకొస్తాడు? చప్పుడు చేయకుండా చిగురున్న వైపు గోడకు తిప్పింది.

సాయంత్రం పరుశురాం వంగి, కుండీ తిప్పి, చాలాసేపు చూశాడు.

"చిగురు ఇంకా రాలే," అని మళ్లీ గోడవైపే తిప్పాడు.

దొంగకు దొంగ దొరికినందుకు కౌముదికి పట్టరాని సంతోషం. ఇద్దరూ కొండలరావుకు ఆ మాటే తిప్పి తిప్పి చెబుతూ వారం గడిపారు. ఆ ఆదివారం కొండలరావు కళ్లజోడు తుడుచుకుని కుండీని వెలుతురులోకి లాగాడు. కొమ్మ కొమ్మకూ చిగుళ్లు.

"ఇవి నా ఒక్కడికే కనపడుతున్నాయా?"

"కనపడ్డయ్ అంకుల్," అన్నాడు పరుశురాం నేల చూస్తూ. "చెప్తే ఇంక రావొద్దంటరేమోనని..."

"నువ్వో?" అని కొండలరావు కూతురి వైపు తిరిగాడు.

"నేను ముందే చూశాను నాన్నా. ఇతను రాకపోతే నాకు తోచదు. ఇతనంటే నాకిష్టం."

పరుశురాం చెవులు ఎర్రబడ్డాయి. కొండలరావు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

"వచ్చే ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకురా బాబూ," అన్నాడు. "చెట్టు చూడ్డానికని మాత్రం చెప్పకు."