పరుషాలు లేని మాట

చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉన్న వైర్‌లెస్ షెడ్డులో, ఉదయం ఆరున్నరకు బిచ్యా చనిపోయాడు. సైలెన్సర్ పిస్టల్. ఒకే తూటా. హంతకుడు రేడియో సెట్టునూ ల్యాప్‌టాప్‌నూ ఎత్తుకుపోయాడు. కానీ అంతకు పది నిమిషాల ముందే బిచ్యా తాను పట్టిన రికార్డింగును ఖమ్మం ఆఫీసుకు పంపేశాడు.

తొమ్మిదింటికి, పురుగుమందుల గోదాము బోర్డు తగిలించిన భవనం పై అంతస్తులో, ఏజెంట్ హాతీరాం తన చీఫ్ సాజిద్ ఎదుట కూర్చున్నాడు. ఇన్‌ఫార్మర్ బిచ్యా అతని చెల్లెలు పూలి భర్త. ఇద్దరూ ఒకే తండాలో పెరిగారు.

"ఈ కేసు వేరేటోళ్లకు ఇస్త. నువ్వు తండాకు పో," అన్నాడు సాజిద్.

"వద్దు సార్. బ్రీఫింగ్ ఇయ్యండి."

ఆ గొంతులో కోపం లేదు, దుఃఖం లేదు. ముందున్న చాయ్ మీద మీగడ కట్టింది.

"మన ఇన్‌ఫార్మర్ల లిస్టు లీకయింది. గోదారికి రెండు పక్కల కలిపి నలభై ఒక్క మంది. ఒక విదేశీ ముఠా చేతికి పోతది. పోయిందా, అందరిదీ బిచ్యా గతే."

"నలభై మంది సార్. ఒకరు అయిపోయిండు."

సాజిద్ రికార్డింగ్ వినిపించాడు. యంత్రంతో మార్చిన బొంగురు గొంతు.

"ఆరున, రేవులో. మా ఊళ్లో వానలు లేవా?"

"పొద్దుటి ఆరు అయిపోయింది. అంటే ఇయ్యాల సాయంత్రం ఆరింటికి, ఏదో రేవు కాడ. తర్వాతిది కోడ్‌వర్డ్. గోదారి పొడుగునా మస్తు రేవులున్నయ్. గొంతు ఎవరిదో తేలితేనే దారి దొరుకుతది. హేమలత మేడం దగ్గరికి జల్దీ పో."

హేమలత ఇరవై ఏళ్లుగా ఈ గూఢచారి ఏజెన్సీకి గొంతుల నిపుణురాలు. అంతకు ముందు కాలేజీలో ధ్వనిశాస్త్రం చెప్పేది. హాతీరాం ఆమె శిష్యుడే. యాభై దాటినా, పట్టు చీరలో ఆమె గుమ్మంలో నిలబడితే చూసినవాళ్లు వచ్చిన పని మరిచిపోతారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మూడుసార్లు విన్నది.

"మగవాడు. సముద్రం వైపు మనిషి. పరుషాలు నొక్కి పలుకుతున్నాడు చూడు. క, త, ప. అక్కడే దొరికిపోయాడు. మ, న మాత్రం వదిలెయ్. వైర్‌లెస్‌లో వాటిని నమ్మకూడదు."

"అవ్ మేడం."

జీపులో కూర్చుని హాతీరాం అలవాటు కొద్దీ ఆ మాటను కాగితం మీద రాసి, హల్లులు విడదీశాడు. ర, న. ర, వ, ల. మ. ళ, ల. వ, న, ల. ల, వ.

పెన్ను ఆగింది. క, త, ప అనేటప్పుడు నోరు గాలిని పూర్తిగా ఆపి వదులుతుంది. స, శ అంటే గాలి రాసుకుంటూ పోతుంది. ఇక్కడ ఉన్నవి ఆ రెండు రకాలూ కావు. గాలి ఆగకుండా, రాపిడి లేకుండా, నాదంతో సాగిపోయే హల్లులు. సోనొరెంట్లు. మ, న కూడా వీటిలోవే. నోటి దారి మూసుకున్నా, వాటికి గాలి ముక్కులోంచి పోతూనే ఉంటుంది.

మొత్తం మాటలో పరుషం ఒక్కటీ లేదు. మేడం వాటిని ఎక్కడ విన్నట్టు?

పైగా మ, న వదిలెయ్యమంది. నాలుకను మార్చొచ్చు, పెదవులను మార్చొచ్చు, ముక్కు లోపలి గదిని మాత్రం ఎవడూ మార్చలేడని క్లాసులో అందరి చేతా ముక్కులు మూయించి చెప్పింది ఆమే.

డ్యూటీలో ఎప్పుడూ ఉండే అతని చొక్కా గుండీలోని మైకు ఆమె మాటలన్నిటినీ రికార్డు చేసింది. యంత్రం చేసిన మార్పును సాఫ్ట్‌వేర్‌తో విప్పి, రెండు రికార్డింగుల్లోని మ, నలను పక్కపక్కన పెట్టాడు. గీతకు గీత సరిపోయింది.

కోపం వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. సాజిద్‌కు ఫోన్ చేసి విషయం చెప్పాడు.

రెండింటికి హేమలత కారు ఖమ్మం దాటింది. సాజిద్ దానికి పెట్టించిన ట్రాకర్ చుక్క కొత్తగూడెం మీదుగా బూర్గంపాడు వైపు కదిలింది. బూర్గంపాడు రేవుకు ఆమెకన్నా ముందే చేరేలా హాతీరాం వేరే దారిన జీపు ఉరికించాడు.

దారిలో పూలి ఫోన్ చేసింది.

"అన్నా, మనిషిని ఎప్పుడిస్తరంట?"

"సాయంత్రానికల్లా ఇస్తరు."

"నువ్వు తింటివా?"

తిన్నాడో లేదో అతనికి గుర్తురాలేదు. "తిన్న," అన్నాడు.

రేవులో పడవ నడిపే జానీ మియా తన లుంగీ, టోపీ విప్పి ఇచ్చాడు. "తాడు ఇప్పితే పడవ ఆగది సాబ్. నీళ్లు గట్టిగ గుంజుతున్నయ్."

ఆరుకు ఐదు నిమిషాలుండగా మెడలో కెమెరాతో, పక్షులు చూడ్డానికి వచ్చినట్టు ఒక తెల్లవాడు వచ్చి పడవెక్కాడు. మొహం చుట్టూ తువ్వాలు కట్టుకున్న పడవవాణ్ని పట్టించుకోలేదు. సరిగ్గా ఆరింటికి హేమలత మెట్లు దిగింది. నల్ల కళ్లద్దాలు, చేతిలో లిప్‌స్టిక్.

"మా ఊళ్లో వానలు లేవా?"

"రానీలే, మేమున్నాం," అన్నాడు తెల్లవాడు, బట్టీపట్టిన తెలుగులో.

ఆమె చెయ్యి చాచింది. అతని వేళ్లు లిప్‌స్టిక్‌ను తాకాయి. హాతీరాం తాడు లాగేశాడు.

పడవ ఒక్క కుదుపుతో మెట్టును వదిలింది. లిప్‌స్టిక్ పడవలో చెక్కల మీద పడి దొర్లింది. అది నీళ్లలోకి జారేలోపే దానిమీద కాలు పెట్టాడు. తెల్లవాడు పిస్టల్ తీసి కాల్చాడు. తూటా హాతీరాం ఎడమ భుజంలో దిగింది. అతను రెండో చేత్తో తెడ్డు ఎత్తి ఒక్కటి వేశాడు. పిస్టల్ గోదావరిలో పడింది, వెనకే తెల్లవాడూ పడ్డాడు. గట్టు చాటున కాసుకున్న సాజిద్ మనుషులు అతన్ని కాలర్ పట్టి పైకి లాగారు.

లిప్‌స్టిక్ మూత లోపల, గోరంత పెన్‌డ్రైవ్.

హేమలత పారిపోలేదు. బేడీలు వేస్తుంటే కళ్లద్దాలు తీసింది. "సిగ్నల్ తెగినా తెగని హల్లులే ఏరుకున్నాను. ఎట్లా పట్టావు?"

"లేని పరుషాలు విన్నరు మేడం." ఆగి అడిగాడు. "ఎందుకు చేసిన్రు?"

"ఇరవై ఏళ్లు మీకు గొంతులు పట్టిచ్చాను. నా గొంతు ఎవరైనా పట్టగలరా అని చూడాలనిపించింది."

"బిచ్యా పట్టిండు."

ఆమె తల వంచుకుంది. అతను అంబులెన్సు వైపు నడిచాడు.

అంబులెన్సులో కాంపౌండర్ చొక్కా కత్తిరిస్తూ, "నొప్పుందా?" అన్నాడు. హాతీరాం భుజం వైపు చూశాడు. రక్తం మోచేతి దాకా కారింది. "తెల్వది," అన్నాడు.

సాజిద్ పక్కన కూర్చున్నాడు. కొత్తగూడెం దగ్గరపడుతుండగా, ఏదో ఒకటి అనాలన్నట్టు అడిగాడు.

"మేడం సబ్జెక్టుల నీకు ఎన్ని మార్కులొచ్చినయ్ రా?"

"ఫెయిల్ చేసింది సార్. సప్లిమెంటరీల గట్టెక్కిన."